ఇంగ్లండ్ కొత్తగా వచ్చారా? మీ పక్క వీధిలో ఉన్న చిన్న ఆంగ్లికన్ చర్చికి ఎలా వెళ్ళాలంటే

నర్సు ఉద్యోగానికో, కేర్ హోమ్ పనికో, మాస్టర్స్ చదవడానికో ఇంగ్లండ్ వచ్చిన మన క్రైస్తవ కుటుంబాలు మొదటి శనివారం రాత్రి చేసే పని ఒకటే, ఫోన్ తీసి తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందా అని వెతకడం. వెతకండి, దొరికితే నెలకోసారైనా వెళ్ళండి, సొంత భాషలో కీర్తన పాడుకోకపోతే మనకి మనసు నిండదు. కానీ అది గంటన్నర ప్రయాణం దూరంలో ఉంటే, ఆదివారం కూడా షిఫ్ట్ లు పడుతుంటే, చాలామంది మెల్లగా చర్చికే మానేస్తున్నారు, నాకు బాధ కలిగించేది అదే. నడిచి వెళ్ళే దూరంలో రాతి గోపురం ఉన్న చిన్న ఆంగ్లికన్ చర్చి, అంటే ఇక్కడి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ళది, ఒకటి దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. లోపల ముప్పై మంది ఉంటారు, అందులో సగం పైన డెబ్భై దాటినవాళ్ళే, కీబోర్డ్ డ్రమ్స్ ఉండవు, గట్టిగా స్తోత్రం చెప్పేవాళ్ళు ఉండరు. ఒక్కసారి చూసి "ఇక్కడ ఆత్మ లేదు" అని వచ్చేస్తారు. అంత తొందరగా తేల్చేయకండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ముందు ఒక సంగతి తెలియాలి. ఇంగ్లండ్ నేల మొత్తం ప్యారిష్ లుగా పంచేసి ఉంటుంది, పన్నెండు వేల పైచిలుకు ప్యారిష్ లు. మీరు ఏ ఇంట్లో అద్దెకున్నా ఆ ఇల్లు ఏదో ఒక ప్యారిష్ కిందకి వస్తుంది, అంటే మీరు చర్చి మెట్టు ఎక్కకముందే అక్కడి వికార్, అంటే ఆ ప్యారిష్ పాస్టర్, బాధ్యతలో ఉన్నట్టే. మన దగ్గర సంఘం అంటే పేరు రాయించుకుని చందా కట్టేవాళ్ళు కదా, ఇక్కడ అలా కాదు, ఆ హద్దుల్లో ఉన్న హిందువైనా ముస్లిమైనా ఏ నమ్మకం లేనివాడైనా వికార్ కి తన ప్యారిష్ మనిషే. ఒంట్లో బాగోలేకపోయినా, ఇంట్లో ఎవరైనా పోయినా, అద్దెకి దిగిన ఇంట్లో ప్రార్థన చేయించుకోవాలనుకున్నా మొహమాటం లేకుండా అడగొచ్చు.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) నుంచి వచ్చినవాళ్ళకైతే ఇది పరాయి ఇల్లు కూడా కాదు. 1841లో మచిలీపట్నంలో దిగిన మిషనరీలు ఈ ఆంగ్లికన్ చర్చి వాళ్ళే. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్ట్, ఎస్.ఐ.యు.సి. (సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్) సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. అయ్యాయి, ఇప్పటికీ సి.ఎస్.ఐ. ఆంగ్లికన్ కమ్యూనియన్ లో, అంటే ప్రపంచ ఆంగ్లికన్ సంఘాల కూటమిలో, సభ్యురాలే. అందుకే ఆరాధన క్రమం చేతికిచ్చినప్పుడు చూడండి, పాపపు ఒప్పుకోలు, క్షమాపణ, వాక్య పఠనాలు, విశ్వాస ప్రమాణం, విజ్ఞాపనలు, సమాధానం, ప్రభు సంస్కారం, వరస మొత్తం మీకు నోటికొచ్చిందే, భాష ఒక్కటే వేరు. లూథరన్లు కూడా పెద్దగా తడుముకోరు. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాలవాళ్ళకి చదివే ప్రార్థనలు కొంచెం కొత్తగా ఉంటాయి, చంటి పిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం కూడా. వచ్చినవాళ్ళకి మళ్ళీ బాప్తిస్మం మాత్రం ఇవ్వరు, త్రియేక దేవుని పేరట నీళ్ళతో ఒకసారి తీసుకుంటే చాలు అంటారు.

వెళ్ళే ముందు టైము చూసుకోండి. 'ఎ చర్చ్ నియర్ యూ' అనే వెబ్‌సైట్ లో మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ ప్యారిష్ ఏదో, ఈ వారం ఎన్ని గంటలకో వస్తుంది. పల్లెల్లో ఒక్క వికార్ కింద ఐదారు చర్చిలు ఉంటాయి, అందుకని మొదటి ఆదివారం ఈ ఊళ్ళో, రెండో ఆదివారం పక్క ఊళ్ళో అని తిప్పుతుంటారు, చూసుకోకుండా వెళ్తే తాళం వేసి ఉంటుంది. పొద్దున 8 గంటల ఆరాధన అని ఉంటే అది సాధారణంగా 1662 నాటి ప్రార్థన పుస్తకంతో, పాటలు లేకుండా, పాత ఇంగ్లీషులో నలభై నిమిషాల్లో అయిపోయేది. నైట్ డ్యూటీ దిగి అటు నుంచి అటే వెళ్ళే నర్సులకి ఇది చాలా బాగుంటుంది, ఎవరూ పలకరించి విసిగించరు, ప్రశాంతంగా సంస్కారం తీసుకుని ఇంటికొచ్చి పడుకోవచ్చు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు పది, పదిన్నరకి జరిగేదానికి వెళ్ళండి, అది ఇప్పటి భాషలో ఉంటుంది.

చెప్పులు బయట విప్పక్కర్లేదు, ఆడవాళ్ళు ముసుగు వేసుకోవాలన్న నియమం లేదు, చీర కట్టుకెళ్తే సంతోషిస్తారు కానీ శీతాకాలంలో పైన మంచి కోటు ఉండాల్సిందే, ఎందుకంటే ఆ రాతి గోడల లోపల హీటర్ ఉన్నా వేడి పైకప్పుకే పోతుంది. గుమ్మం దగ్గర ఒక పెద్దాయనో పెద్దావిడో నిలబడి పాటల పుస్తకం, ఆ వారం కాగితం ఇస్తారు. పాటల నంబర్లు ముందు గోడకి చెక్క పలక మీద ఉంటాయి. కాగితంలో నల్లటి ముద్ద అక్షరాల్లో ఉన్నది అందరూ కలిసి చెప్పేది, మామూలు అక్షరాల్లో ఉన్నది వికార్ చెప్పేది, అంతే.

ఇక సంస్కారం. కొత్తవాళ్ళు భయపడేది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తా. మీ సంఘంలో మీరు బల్లలో పాలు పొందేవాళ్ళైతే ఇక్కడా పొందొచ్చు, ఎవరూ ఉత్తరం అడగరు. వరస వరసగా లేచి ముందుకి వెళ్తారు, మీ వరస వచ్చినప్పుడు లేవండి. బల్ల ముందు అడ్డుగా ఉండే కటకటాల దగ్గర మోకరించి, మోకాళ్ళు నొప్పులైతే నిలబడి, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి చాపితే అందులో పల్చటి గుండ్రటి అప్పం పెడతారు, "ఆమెన్" అని నోట్లో వేసుకోవాలి. తర్వాత ఇంకొకరు గిన్నె తెస్తారు, అందరికీ ఒకటే గిన్నె, ప్రతి మనిషి తర్వాత అంచు తుడిచి కొంచెం తిప్పి ఇస్తారు, అడుగున మీరూ చెయ్యి వేసి పెదవులకి అందించుకోవాలి. మన చాలా సంఘాల్లో లాగా చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం కాదు, అది నిజమైన వైన్. మందు ముట్టనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు, మొహమాటపడి తాగక్కర్లేదు, రొట్టె తీసుకుని గిన్నె వచ్చినప్పుడు తల వంచితే చాలు, సంస్కారం సంపూర్ణంగా పొందినట్టే. గ్లూటెన్ పడనివాళ్ళకి వేరే అప్పం ఉంటుంది, ముందే చెప్పాలి. బాప్తిస్మం కానివాళ్ళు, తీసుకోదలచుకోనివాళ్ళు కూడా కూర్చుండిపోవాల్సిన పని లేదు, వెళ్ళి చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుంటే తల మీద చెయ్యి ఉంచి ఆశీర్వదిస్తారు. పిల్లలకి కన్ఫర్మేషన్ కి ముందే సంస్కారం ఇచ్చే చర్చిలు ఉన్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి, అడిగి తెలుసుకోండి.

సంస్కారానికి ముందు సమాధానం, అంటే శాంతి, చెప్పుకునే ఘట్టం ఒకటి ఉంటుంది, అందరూ అటూ ఇటూ తిరిగి చేతులు కలుపుతారు. 1950లో వచ్చిన సి.ఎస్.ఐ. ఆరాధన క్రమంలో రెండు అరచేతుల మధ్య పక్కవాళ్ళ చేతులు తీసుకుని సమాధానం అందించడం పెట్టారు, ఆ తర్వాత పడమటి దేశాల సంఘాలు దీన్ని మళ్ళీ తెచ్చుకోవడంలో మన క్రమం ప్రభావం ఉంది. కాబట్టి ఆ నిమిషంలో వెనక బెంచీలో దాక్కోకండి, అది మనం ఇచ్చినది కూడా.

వీళ్ళు నమ్మేదేంటి అని ఇంటి దగ్గర పెద్దవాళ్ళు ఫోన్ లో అడుగుతారు. బైబిలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం, నైసియా విశ్వాస ప్రమాణం, బాప్తిస్మం, ప్రభు భోజనం, బిషప్పులు, మూలం ఇదే. 1571 నాటి ముప్పై తొమ్మిది విశ్వాస సూత్రాలు కూడా ఉన్నాయి. కానీ ఈ ఒక్క గూడు కింద రకరకాలవాళ్ళు ఉంటారు. ఒక చర్చిలో ధూపం, గంటలు, మరియమ్మ బొమ్మ, పాస్టర్ ని ఫాదర్ అంటారు. మైలు దూరంలో ఇంకో చర్చిలో జీన్స్ వేసుకుని గిటార్ తో నలభై నిమిషాలు ప్రసంగం. రెండూ చర్చ్ ఆఫ్ ఇంగ్లండే. 1994 నుంచి ఆడవాళ్ళని ప్రీస్టులుగా, 2015 నుంచి బిషప్పులుగా అభిషేకిస్తున్నారు, ఒప్పుకోని ప్యారిష్ లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. మనవాళ్ళు కొంతమంది మహిళా వికార్ ని చూసి వెనక్కి తగ్గుతారు, వాళ్ళకి నేను గుర్తుచేసేది నంద్యాల, 2013లోనే పుష్పలలిత గారు అక్కడ బిషప్ అయ్యారు, ఇంగ్లండ్ కంటే ముందే. స్వలింగ జంటల ఆశీర్వాదం మీద కూడా ఇక్కడ పెద్ద వాదనే నడుస్తోంది, మీ అభిప్రాయం ఏదైనా కాఫీ టేబుల్ దగ్గర మొదటి వారమే ఎత్తకండి, మనుషుల్ని తెలుసుకోనివ్వండి.

కాఫీ మాత్రం తప్పకుండా తాగండి. ఆశీర్వాదం అవ్వగానే తలుపు వైపు నడిచేయడం మనవాళ్ళ అలవాటు, ఇక్కడ అసలు పరిచయాలన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే. వాళ్ళు మీ దగ్గరకి వచ్చి ఊరు, జీతం, పెళ్ళయిందా, పిల్లలెంతమంది అని అడగరు. వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడి ఊరుకుంటారు. అది పొగరు అనుకోకండి, మీ సొంత విషయంలోకి రాకూడదన్న మర్యాద. వరసగా నెలా రెండు నెలలు కనిపించాక చూడండి, రెండు వారాలు రాకపోతే ఒంట్లో బాగుందా అని మెసేజ్ వస్తుంది. మీ నాన్నకి ఆపరేషన్ అని ఒక్క మాట చెప్పండి, వచ్చే వారం కాగితంలో రోగుల పేర్లలో ఆయన పేరు ఉంటుంది. వెంకటేశ్వరరావు అనో సుందరరాజు అనో పలకడం రాక ఆ వారం విజ్ఞాపనలు చదివే ఆవిడ ముందే మీ దగ్గరకొచ్చి నేర్చుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ పేరు దేవుడి ముందు చదువుతుంది. దీన్ని ప్రేమ కాదని నేననలేను. వికార్ ని అయ్యగారు అని పిలవాలని మనకి నోరు లాగుతుంది, వాళ్ళు మాత్రం పేరు పెట్టి పిలవమంటారు, అలవాటు చేసుకోండి.

ఇంకా దగ్గరవ్వాలంటే పని పట్టుకోండి. వాక్యం చదవడానికి, కాఫీ పెట్టడానికి, పూలు సర్దడానికి, అన్నిటికీ రోటా (వంతుల జాబితా) ఉంటుంది, అన్నిటికీ మనుషులు తక్కువే. మన ఉచ్చారణ బాగోదేమో అని వెనకాడొద్దు, మెల్లగా చదివితే చాలు. అందరూ తలా ఒకటి వండి తెచ్చుకునే భోజనాలు ఉంటాయి, పులిహోర తీసుకెళ్తే పల్లీలు ఉన్నాయని, ఆవాలు ఉన్నాయని చీటీ రాసి గిన్నె పక్కన పెట్టండి, అలర్జీల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు. మన స్త్రీల మైత్రి లాంటిది కావాలంటే మదర్స్ యూనియన్ ఉందేమో అడగండి, 1876లో హాంప్‌షైర్ లో మేరీ సమ్నర్ మొదలుపెట్టింది అది.

పిల్లల విషయం గట్టిగా చెప్తున్నా. వేరేవాళ్ళ పిల్లల్ని ముద్దుగా ఎత్తుకోవడం, ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టడం ఇక్కడ కుదరదు, అడక్కుండా చేయకూడదు. సండే స్కూల్ లో చెప్పాలంటే డి.బి.ఎస్. చెక్ (నేర చరిత్ర ఉందేమో చూసేది), సేఫ్‌గార్డింగ్ ట్రైనింగ్ (పిల్లల భద్రత గురించి నేర్పేది) తప్పనిసరి, మీమీద అనుమానం కాదు, పుట్టి పెరిగినవాళ్ళకీ అదే రూలు. వారం మధ్యలో చర్చి హాల్లో బుజ్జి పిల్లల గ్రూపు నడుస్తుంటుంది, అక్కడికి ఏ మతంవాళ్ళైనా వెళ్ళొచ్చు, ఇంట్లో ఒంటరిగా ఉండే డిపెండెంట్ వీసా తల్లులకి ఇది చాలా పెద్ద ఆసరా. చర్చి స్కూళ్ళలో కొన్నిట్లో సీటు ఇచ్చేటప్పుడు ఆరాధనకి వస్తున్నారా అని చూస్తారు, కొన్ని చూడవు, ఆ స్కూల్ అడ్మిషన్ పాలసీ చదువుకోండి.

కానుకల సంగతి కొస్తే, ప్రభుత్వం వికార్లకి జీతాలిస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ప్యారిష్ ఇచ్చే వాటా డయోసిస్ కి, అంటే బిషప్ కింద ఉండే ప్రాంతానికి, వెళ్తుంది, జీతాలు ఎక్కువభాగం అలాంటి డబ్బుతోనే నడుస్తాయి, చర్చి పైకప్పు కారితే ఆ ముప్పై మందే చూసుకోవాలి. మీకు జీతంలో టాక్స్ కోత పడుతుంటే గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపండి, మీరిచ్చే ప్రతి పౌండుకి ప్రభుత్వం ఇంకో 25 పెన్నీలు చర్చికి కలుపుతుంది, మీకు పైసా ఖర్చు లేదు.

పండుగలు మనవే, కొంచెం తేడాలతో. కోత పండుగ సెప్టెంబరు, అక్టోబరుల్లో, మనలా కోళ్ళు గుమ్మడికాయలు వేలం పాడరు, టిన్నులు పాస్తా ప్యాకెట్లు తెస్తే ఫుడ్ బ్యాంక్ కి పంపుతారు. నవంబరు రెండో ఆదివారం యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ జ్ఞాపకం, 11 గంటలకి రెండు నిమిషాలు మౌనం, ఆ రోజు ఆలస్యంగా వెళ్ళొద్దు. మన నేల నుంచి వెళ్ళిన సైనికులు కూడా ఆ యుద్ధాల్లో ఉన్నారు. క్రిస్మస్ కి ముందు కారల్స్ రాత్రి చర్చి నిండిపోతుంది, మీ హిందూ స్నేహితుల్ని కూడా తీసుకెళ్ళండి, చాలా బాగుంటుంది.

బాప్తిస్మానికి ఫీజు లేదు. పెళ్ళికి మాత్రం జాగ్రత్త. మామూలుగా చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదివితే సరిపోతుంది, కానీ ఇద్దరిలో ఒక్కరు వర్క్ వీసా, స్టూడెంట్ వీసా మీద ఉన్నా అది చెల్లదు. ఇద్దరూ రిజిస్టర్ ఆఫీసుకి వెళ్ళి నోటీసు ఇవ్వాలి, 28 రోజులు ఆగాలి, హోం ఆఫీసు విచారణ పెడితే 70 రోజులు. ఇండియా నుంచి అమ్మానాన్నలకి టికెట్లు కొనేముందు ఈ లెక్క చూసుకోండి.

చివరగా ఎలక్టోరల్ రోల్. ఇది ప్రభుత్వ ఓటర్ల జాబితా కాదు, చర్చిది. పదహారేళ్ళు నిండి, బాప్తిస్మం పొంది, ఆ ప్యారిష్ లో కాపురం ఉంటే సి.ఎస్.ఐ. వాళ్ళు కూడా చేరొచ్చు. హద్దు బయట ఉంటే ఆరు నెలలు క్రమంగా వచ్చాక చేరొచ్చు. చందా ఏమీ లేదు. మే నెలాఖరులోపు జరిగే వార్షిక మీటింగులో కమిటీని, ఇద్దరు చర్చివార్డెన్లని ఎన్నుకుంటారు. వికార్ బదిలీ అయిపోతే కొత్తవాళ్ళు వచ్చేదాకా నెలల తరబడి చర్చిని నడిపేది ఆ వార్డెన్లే, అప్పుడు ఆరాధనలు తగ్గుతాయి, వేరే ఊరి రిటైర్డ్ ప్రీస్టులు వచ్చిపోతుంటారు. అలాంటి సమయంలో మీరు వచ్చి ఉంటే సంఘం మూతపడుతోందని వెళ్ళిపోకండి, వార్డెన్ ని కలిసి ఆదివారం పొద్దున తలుపు తీయడానికి, కుర్చీలు సర్దడానికి నేనుంటా అని చెప్పండి.