కాలమ్‌స్టోర్ టేబుల్ నెమ్మదించినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

చిత్తూరు వైపు పల్లెల్లోని పాలకేంద్రాల లెక్కలున్న ఒక డేటాబేస్‌ను నేను తిరుపతిలో కూర్చుని చూసుకుంటాను. ఉదయం, సాయంత్రం ప్రతి రైతు పోసిన లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) ఒక్కో వరుసగా అందులో చేరతాయి. రోజుకు దాదాపు 80 వేల వరుసలు వస్తాయి. టేబుల్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016లో, క్లస్టర్డ్ కాలమ్‌స్టోర్ ఇండెక్స్‌తో ఉంది, అంటే టేబుల్ అంతా వరుసల వారీగా కాక కాలమ్‌ల వారీగా కుదించి నిల్వ ఉంటుంది. కింద చెప్పేవి ఆ వెర్షన్ గురించి; తరువాతి వాటిలో కొన్ని తేడాలున్నాయి.

లక్షణం: మొదట్లో క్షణాల్లో వచ్చిన మొత్తాలు కొన్ని నెలలకు నిమిషాలు పట్టడం

ఇలాంటప్పుడు చాలామంది ముందు క్వెరీని తిరగరాయడానికి కూర్చుంటారు. నేనూ ఒక వారం అలాగే పోగొట్టుకున్నాను. చూడవలసింది రో గ్రూప్‌ల, అంటే కలిపి కుదించే వరుసల కట్టల, స్థితిని. రో గ్రూప్ ఫిజికల్ స్టాట్స్ అనే డిఎంవిలో (సర్వర్ లోపలి స్థితిని చూపే వ్యూలో) ఒక్కో రో గ్రూప్‌లో ఎన్ని వరుసలున్నాయో, వాటిలో తొలగించినవి ఎన్నో, అది ఇంకా వరుసలు చేర్చుకుంటూ ఓపెన్‌గా ఉందో కంప్రెస్ అయిందో, నిండకుండానే ఎందుకు ముగిసిందో కనిపిస్తాయి. నిండు రో గ్రూప్‌లో 10,48,576 వరుసలు పడతాయి. మా టేబుల్‌లో మాత్రం 80 వేల చొప్పున ఓపెన్ గ్రూప్‌లు బారులు తీరి ఉన్నాయి.

దీనికి కారణాలు రెండు. ఒకే లోడ్‌లో కనీసం 1,02,400 వరుసలు వస్తేనే అవి నేరుగా కంప్రెస్ అవుతాయి. అంతకు తక్కువైతే డెల్టా స్టోర్ అనే మామూలు బి-ట్రీలో (వరుసల వారీ నిల్వలో) చేరి, ఆ గ్రూప్ నిండేదాకా అక్కడే ఉంటాయి. ఒక్కో కేంద్రం పూటకు వంద వరుసలు పంపితే జరిగేది ఇదే, రోజంతటివీ కూడబెట్టి ఒకేసారి ఎక్కించినా 80 వేలు ఆ గీత దాటవు. రెండవది, మేము రోజుకొక పార్టిషన్ (టేబుల్‌లో వేరుగా ఉండే భాగం) పెట్టుకున్నాము. రో గ్రూప్ పార్టిషన్ హద్దు దాటదు కనుక, అవి ఎన్నాళ్లున్నా నిండే వీలు లేదు.

ఉన్నవాటిని చక్కబెట్టడానికి పార్టిషన్లు నెలకొకటిగా ఉండేలా టేబుల్‌ను మళ్లీ కట్టి, ఆల్టర్ ఇండెక్స్ రీఆర్గనైజ్ ఆదేశాన్ని కంప్రెస్ ఆల్ రో గ్రూప్స్ ఆన్ అనే ఆప్షన్‌తో నడపాలి. పార్టిషన్లను అలాగే ఉంచి రీఆర్గనైజ్ ఒక్కటే నడిపితే చిన్న గ్రూప్‌లు కంప్రెస్ అవుతాయి గానీ, చిన్నవిగానే మిగిలిపోతాయి.

లక్షణం: టేబుల్ పరిమాణం పెరుగుతోంది, వరుసల లెక్క మాత్రం అంతగా పెరగడం లేదు

అదే డిఎంవిలో డిలీటెడ్ రోస్ అంకెను చూడండి. కంప్రెస్ అయిన వరుసను అక్కడికక్కడ మార్చడం కుదరదు. అప్‌డేట్ అంటే పాత వరుసకు తొలగించినట్లు గుర్తు పెట్టి, కొత్తదాన్ని డెల్టా స్టోర్‌లో చేర్చడమే. మా దగ్గర పదిహేను రోజుల బిల్లు వేసే ముందు వెన్న శాతం సవరణలు కుప్పగా వచ్చిపడతాయి, కాబట్టి పాత వరుసలు చెత్తగా మిగిలిపోయేవి. ఒక రో గ్రూప్‌లో పదోవంతు గానీ అంతకు మించి గానీ తొలగించినవి ఉంటే రీఆర్గనైజ్ వాటిని నిజంగా తీసివేస్తుంది. ఇండెక్స్‌ను మొత్తం మళ్లీ కట్టే రీబిల్డ్ కూడా ఆ పని చేస్తుంది గానీ, క్లస్టర్డ్ కాలమ్‌స్టోర్‌కు టేబుల్ వాడుకలో ఉండగానే చేసే ఆన్‌లైన్ రీబిల్డ్ 2019లో గానీ రాలేదు కనుక, పాత వెర్షన్లలో అవసరమైన పార్టిషన్‌కు మాత్రమే, పని లేని వేళ చేయడం మేలు.

ఈ రెండు జబ్బులకూ మాకు పనికొచ్చిన మందు ఒక్కటే. జరుగుతున్న పక్షం లెక్కలను వరుసల వారీగా నిల్వ చేసే మామూలు రోస్టోర్ టేబుల్‌లో ఉంచి, సవరణలన్నీ ముగిసి బిల్లు ఖరారయ్యాక ఒకేసారి కాలమ్‌స్టోర్‌కు తరలించడం. పదిహేను రోజులకు దాదాపు 12 లక్షల వరుసలవుతాయి: ఒక నిండు గ్రూప్, మిగిలిన లక్షన్నర కూడా 1,02,400 దాటుతాయి కనుక అవీ నేరుగా కంప్రెస్ అవుతాయి. తరలించే ఇన్సర్ట్‌కు టేబుల్ మొత్తానికి తాళం వేసే ట్యాబ్‌లాక్ ఇస్తే మాత్రం పని అనేక థ్రెడ్లుగా చీలి, ఒక్కొక్కటీ తన రో గ్రూప్ తాను కట్టుకుంటుంది. అందుకే దానితోపాటు ఒకే థ్రెడ్‌తో నడపమనే మ్యాక్స్‌డాప్ 1 పెట్టాము.

లక్షణం: ఒక్క రోజు లెక్క అడిగినా టేబుల్ అంతా చదవడం

స్టాటిస్టిక్స్ ఐఓ ఆన్ చేసి క్వెరీ నడిపితే ఎన్ని సెగ్మెంట్లు (ఒక్కో రో గ్రూప్‌లోని ఒక్కో కాలమ్ ముక్క) చదివిందో, ఎన్నింటిని దాటవేసిందో చూపుతుంది. ప్రతి సెగ్మెంట్‌కూ కనిష్ఠ, గరిష్ఠ విలువలు నమోదై ఉంటాయి. అడిగిన తేదీ ఆ పరిధిలో లేకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పాత డేటాను కేంద్రాల వారీగా ఎక్కించి ఉంటే ప్రతి సెగ్మెంట్‌లోనూ అన్ని తేదీలూ ఉంటాయి కనుక దాటవేతకు చోటే ఉండదు. తేదీ మీద మామూలు క్లస్టర్డ్ ఇండెక్స్ కట్టి వరుసలను క్రమంలో పెట్టి, దాని స్థానంలో డ్రాప్ ఎగ్జిస్టింగ్ ఆన్, మ్యాక్స్‌డాప్ 1తో కాలమ్‌స్టోర్‌ను కట్టాలి.

గ్రూప్ నిండకుండా ముగిసిన కారణం చెప్పే ట్రిమ్ రీజన్‌లో (పైన చెప్పిన డిఎంవిలోనే ఉంటుంది) డిక్షనరీ సైజ్ అని కనిపిస్తే, ఏదో ఒక అక్షరాల కాలమ్‌లో విలువలు మరీ ఎక్కువై వేర్వేరు విలువల జాబితా అయిన డిక్షనరీకి ఉన్న 16 ఎంబీ హద్దు తగిలిందని అర్థం. మా దగ్గర అది రిమార్కుల కాలమ్. దాన్ని వేరే టేబుల్‌కు మార్చాము.

"నిన్న సాయంత్రం నా పాలకు వెన్న ఎంత పడింది?" అని ఒక రైతు అడిగే ప్రశ్నకు కాలమ్‌స్టోర్ ఎంత చక్కబెట్టినా సరిపడదు. అలాంటి ఒక్క వరుస వెతుకులాటకు రైతు సంఖ్య, తేదీల మీద అదే టేబుల్‌పై ఒక బి-ట్రీ ఇండెక్స్ అదనంగా పెట్టుకోవచ్చు. ఈ వెసులుబాటు 2016 నుంచి ఉంది.