బండి పని మనమే నేర్చుకుందాం – 6వ పాఠం: ఎర్ర ఆయిల్ దీపం

పోయిన పాఠంలో డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ చూడటం నేర్చుకున్నాం. వారం రోజులు చూడమని చెప్పాను. చూడనివాళ్లు ఇప్పుడే వెళ్లి చూసి రండి. ఇవాళ్టి గొడవ చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

డాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ, దాని ముక్కు దగ్గర ఒక చుక్క. అది ఎర్రగా వెలిగితే ఆయిల్ తగ్గిందని చాలామంది అనుకుంటారు. అది చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఎంత ఒత్తిడితో తిరుగుతోందని. అపార్ట్‌మెంట్ కింద సంపు నిండా నీళ్లున్నా, మోటారు లాగకపోతే నాలుగో అంతస్తులో కుళాయి రాదు కదా. ఇంజన్‌లోనూ అంతే. కింద చాంబర్ అనే సంపు, అందులో ఫుట్‌వాల్వులాంటి జల్లెడ, దాని మీద పంపు, ఆపైన ఫిల్టరు, అక్కడినుంచి బేరింగులకు దారులు. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా వెలిగేది ఆ ఒక్క దీపమే.

అందుకే నడిరోడ్డు మీద వెలిగితే ముందు చేయాల్సింది పక్కకు తీసి ఇంజన్ ఆపేయడం. "బెంజి సర్కిల్ ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని లాగొద్దు. ఆయిల్ అందని బేరింగులు పట్టేయడానికి ఆ రెండు కిలోమీటర్లు చాలు. ఐదు పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. కింది గీతకు దిగువన ఉంటే మీ కారు పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోయండి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య దాదాపు ఒక లీటరు పడుతుంది. పోశాక స్టార్ట్ చేసి, కొన్ని సెకన్లలో దీపం ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరినా, ఆ ఆయిల్ ఎక్కడికి పోయిందో వెతకాలి.

లెవెల్ సరిగ్గానే ఉన్నా దీపం వెలిగితే? అసలు పాఠం ఇక్కడ మొదలు.

నా కథ చెప్తాను. ఒక ఎండాకాలం గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నాను. మంగళగిరి దాటి స్పీడ్ అందుకోగానే దీపం వెలిగింది. పక్కకు ఆపేలోపే ఆరిపోయింది. ఆయిల్ లెవెల్ నిండుగా ఉంది. రోడ్డు పక్క మెకానిక్ ఒకాయన చూసి, "ఏం పర్లేదండి, సెన్సర్ పోయింది" అని కొత్తది వేశాడు. వారధి ఎక్కకముందే మళ్లీ వెలిగింది. ఈసారి బండి తోయించుకుని ఆటోనగర్ చేర్చాను. అక్కడి పెద్ద మేస్త్రి ఆ సెన్సర్‌ని, అంటే దీపాన్ని వెలిగించే ప్రెషర్ స్విచ్చిని విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించాడు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, ముల్లు బాగానే నిలబడింది. రేజ్ చేస్తే పెరగాల్సింది పోయి పడిపోయింది. ఆయన వెంటనే బండి కిందకు చూశాడు. చాంబర్ అడుగున కొబ్బరి చిప్ప పట్టేంత సొట్ట! ఏ స్పీడ్ బ్రేకరుకో కొట్టుకుని ఉంటుంది. ఆ సొట్ట పైకి లేచి జల్లెడ మూతిని సగం మూసేసింది. స్లోలో లాగే కొంచెం ఆయిల్‌కు దారి సరిపోయేది, స్పీడ్‌లో సరిపోయేది కాదు. చాంబర్ మార్చాక ఆ దీపం మళ్లీ వెలగలేదు. అనవసరంగా పోయింది సెన్సర్ డబ్బులే.

కొలవకుండా ఏదీ మార్చకండి. గేజి ఆటోనగర్ టూల్స్ షాపుల్లో దొరుకుతుంది. మీ బండి స్విచ్చి మరకు సరిపోయే కనెక్టరు ఉందో లేదో అడిగి తీసుకోండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్విచ్చి విప్పండి. స్విచ్చి కింది నుంచే అందే బండి అయితే ఒట్టి జాకీ మీద నమ్మకంతో కింద దూరొద్దు. స్విచ్చికి వచ్చే వైరు కనెక్టరు ఊడదీయగానే దాని లోపల ఆయిల్ తడి కనిపిస్తే స్విచ్చి లోపల చిరిగిందని అర్థం, అది ఎలాగూ మార్చాల్సిందే.

గేజి బిగించి స్టార్ట్ చేసి, ముల్లు అసలు లేవకపోతే అక్కడే ఆపండి. లేస్తే ఇంజన్ బాగా వేడెక్కే దాకా ఆగండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి పాడైన ఇంజన్‌లోనూ మంచి ప్రెషర్ చూపిస్తుంది. కచ్చితమైన అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలామంది మెకానిక్‌లు వాడే మోటు లెక్క, వెయ్యి ఆర్‌పీఎంకు (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత). గేజి మీద కేజీల్లో ఉంటే 1 కేజీ అంటే దాదాపు 14 పీఎస్‌ఐ అనుకోండి.

ముల్లు బాగుండి దీపం వెలుగుతుంటే తప్పు స్విచ్చిదో వైరుదో, అదృష్టవంతులు. వేడి మీద స్లోలో పడిపోయి, రేజ్ చేస్తే లేస్తే, ఆయిల్ పలచబడి ఉండాలి లేదా బేరింగులు అరిగి ఉండాలి. కింది అంతస్తుల్లో కుళాయిలన్నీ బార్లా తెరిస్తే పైకి ధార సన్నబడినట్టే ఇది. ముందు సరైన ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి మళ్లీ కొలవండి, ఖర్చు తక్కువ. చల్లగా ఉన్నప్పుడు కూడా ఎప్పుడూ తక్కువే అయితే పంపు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయిన రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మరీ ఎక్కువైతే తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి వదిలేది). నా బండిలా రేజ్‌లో పడిపోతే జల్లెడ దారి. సొట్ట లేకపోతే మడ్డి పేరుకుని ఉంటుంది. అలాంటి బండిని కాసేపు ఆపితే మడ్డి కిందకు జారి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కొంతసేపు బాగుందనిపిస్తుంది. అది చూసి మోసపోకండి.

ఒక పక్క మాట. పాత కారు కొనేటప్పుడు తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా ఈ దీపం వెలుగుతుందా అని చూడండి. చాలా కార్లలో వెలిగి, స్టార్ట్ కాగానే ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో వైరు పీకి ఉండొచ్చు. చిక్కటి ఆయిల్ పోసి దీపాన్ని ఆర్పి అమ్మేసేవాళ్లూ ఉన్నారు.

వచ్చే పాఠంలో చాంబర్ దించి జల్లెడ కడుగుదాం. ఈలోపు ఇంజన్ పూర్తిగా చల్లారాక, బండి ముందు కూర్చుని టార్చి వేసి చాంబర్ అడుగు చూడండి. సొట్ట ఉందా, డ్రెయిన్ బోల్టు చుట్టూ తడి ఉందా, రాసిపెట్టుకోండి. 10, 12, 13 స్పానర్లు, ఒక వెడల్పాటి బేసిన్, పాత లుంగీ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.