తాడు లాగినా ఇంజిన్ అంటుకోకపోతే: ప్లగ్గు, కాయిల్, సీడీఐ

తాడు ఎంత లాగినా తెప్ప ఇంజిన్ అంటుకోకపోతే మన కుర్రాళ్లు ముందు అనే మాట, "సీడీఐ పోనాదన్నా". సీడీఐ అంటే ప్లగ్గుకు స్పార్కు ఎప్పుడు పంపాలో చూసే కరెంటు డబ్బా. స్పార్కు సామాన్లలో బాగా ఖరీదైనది అదే, దాన్ని ఆఖరున కొనండి. కళింగపట్నం, బందరువానిపేట తెప్పల మీద నేను విప్పే రెండు సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజిన్లలో చాలాసార్లు స్పార్కును తినేసేది ఉప్పే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఈ పనికి అదే మంచి అదను. ఇంజిన్‌ను నీడలో స్టాండుకు బిగించి, పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టండి.

రెండు ప్లగ్గులూ విప్పి, కేపుల్లో (ప్లగ్గు వైరు చివరి టోపీల్లో) పెట్టి, ప్లగ్గుల ఒంటిని క్లిప్పు వైరుతో ఇంజిన్ లోహానికి కలిపి, తాడు లాగి స్పార్కు చూడండి. ప్లగ్గు బొక్కలకు దగ్గరగా వద్దు, అందులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. కేపులు ఊరికే వేలాడుతుండగా తాడు లాగితే బాగున్న సీడీఐ కూడా పోవచ్చు. స్పార్కు లేకపోతే కిల్ స్విచ్ (ఇంజిన్‌ను ఆపే స్విచ్) వైరు విడదీసి మళ్లీ లాగండి. ఇప్పుడు వచ్చిందా, మార్చాల్సింది స్విచ్చే.

ప్లగ్గు కొనేటప్పుడు పాతదాని నంబరే అడగండి. బీ7హెచ్‌ఎస్‌-10లో చివరి 10 అంటే గ్యాప్ 1 మిల్లీమీటరు. చేత్తో పూర్తిగా తిప్పాక, కొత్త వాషరైతే పానాతో అర చుట్టు చాలు. హెడ్డు అల్యూమినియం, మర పోతే పెద్ద ఖర్చు.

ఇక కాయిల్, అంటే వోల్టేజీ పెంచి ప్లగ్గుకు పంపే చుట్ట. దాని బోల్టు విప్పి నల్ల ఎర్తు వైరు రింగు కింద చూడండి. తెల్లటి పొడి, రాగి మీద పచ్చటి చిలుము కనిపిస్తాయి. రింగు, అది కూర్చునే చోటు రెండూ మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయండి. కేపు తిప్పి ఊడదీసే రకమైతే వైరు కొసలో చిలుము పట్టిన ముక్క కోసేసి మళ్లీ బిగించండి. ఇక్కడికే సగం ఇంజిన్లు బాగుపడతాయి. అప్పటికీ రాకపోతే మీటరు పెట్టండి: ప్లగ్గు వైరు వైపు చుట్ట కొన్ని వేల ఓమ్‌లు చూపాలి, సరైన అంకె మీ మోడల్ పుస్తకంలో ఉంటుంది. మీటరు అసలు కదలకపోతే లోపల తీగ తెగినట్టే, కాయిల్ మార్చండి.

కాయిల్ బాగుంటే ఫ్లైవీల్ (తాడు లాగితే తిరిగే అయస్కాంతాల చక్రం) కింద సీడీఐకి కరెంటిచ్చే చార్జి కాయిల్, స్పార్కు సమయం చెప్పే పల్సర్ కాయిల్ చూడాలి. చక్రాన్ని ఊడలాగే పుల్లరు లేకుండా ఫ్లైవీల్ జోలికి పోవద్దు. సుత్తితో కొడితే అయస్కాంతాలు పగులుతాయి. అవీ బాగుంటే అప్పుడు సీడీఐ. వైర్ల రంగులు ఫోన్లో ఫొటో తీసుకున్నాకే పాతది విప్పండి.

అన్నీ బిగించాక కిల్ స్విచ్ వైరు తిరిగి కలిపి, నీళ్ల డ్రమ్ములో నడపండి. పొడిగా నడిపితే నీటి పంపు రబ్బరు కాలిపోతుంది. నడుస్తుండగానే కిల్ స్విచ్ తాడు (నడిపేవాడు ఒంటికి తగిలించుకునేది) పీకి చూడండి. వంశధార మొగలో అలకు నడిపేవాడు జారి పడితే ఇంజిన్‌ను ఆపేది అదొక్కటే. వెంటనే ఆగకపోతే ఆ తెప్పను నీళ్లలోకి తోయొద్దు.