ఆంటిగ్వా వెళ్తే అగ్నిపర్వతం ట్రెక్ వారం మధ్యలో పెట్టుకోండి

గ్వాటెమాలాలోని ఆంటిగ్వాకు జంటగా వారం రోజులు వెళ్లేవాళ్లకు ఒక మాట. దిగిన మర్నాడే దగ్గర్లోని అకటెనాంగో అగ్నిపర్వతం ఎక్కే ప్లాన్ వేసుకోవద్దు. ఊరు దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంటే, ఆ శిఖరం 3,976 మీటర్లు. రాత్రి బస చేసే క్యాంపులు కూడా 3,500 మీటర్లు దాటాకే వస్తాయి. ఒళ్లు అలవాటు పడకుండా ఎక్కితే తలనొప్పి, వికారం పట్టుకుంటాయి. ఎదురుగా పక్క అగ్నిపర్వతం ఫ్యూగో నిప్పులు చిమ్ముతున్నా చూసే ఓపిక ఉండదు.

మొదటి రెండు మూడు రోజులు ఊళ్లోనే నింపాదిగా తిరగండి. 1773 భూకంపానికి దెబ్బతిన్న స్పానిష్ కాలం నాటి చర్చిలు, మఠాలు చాలావరకు శిథిలాలుగానే నిలిచి ఉన్నాయి. ఒక్కటే చూడాలంటే నేనైతే కపుచినాస్ మఠం చెప్తాను. సన్యాసినుల చిన్న చిన్న గదులను గుండ్రంగా కట్టిన తీరు చూసి తీరాల్సిందే. వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్లు పరిచినవే, మంచి బూట్లు వేసుకోండి.

తర్వాత పకాయా అనే చిన్న అగ్నిపర్వతం. 2,500 మీటర్ల పైచిలుకే, పూటలో వెళ్లి రావచ్చు. ఇద్దరిలో ఒకరికి నడక కష్టమైతే అక్కడ గుర్రాలు అద్దెకు దొరుకుతాయి.

ఇక నాలుగో రోజో, ఐదో రోజో అకటెనాంగో. రాత్రి చలి గడ్డకట్టించేలా ఉంటుంది, గ్లౌజులు, మంకీ క్యాప్, మందపాటి జాకెట్ తప్పనిసరి. ఆకాశం తేటగా ఉండాలంటే నవంబర్ నుంచి ఏప్రిల్ లోపు వెళ్లండి. దిగొచ్చిన మర్నాడు ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి, మోకాళ్లు పట్టేస్తాయి.