కొండల వేళ్లు చదవడం, 3వ పాఠం: రాతిముక్కలో ఖండాల గుద్దు

పోయిన రెండు పాఠాల్లో రాతి పొరలు, మడతలు గుర్తుపట్టడం చూశాం. ఈసారి పని ఇంకొంచెం కష్టం, కానీ నాకు బాగా ఇష్టమైనది: చేతిలో పట్టే రాయిని చూసి, అది భూమిలో ఎంత లోతున తయారైందో అంచనా కట్టడం. దీనికి విశాఖ చుట్టూ ఉన్న కొండలు చాలా మంచి చోటు.

సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి తూర్పు కనుమల ప్రాంతం, తూర్పు అంటార్కిటికా గుద్దుకున్నాయి. ఖండాల రాయి తేలిక, సముద్రపు అడుగులా సులువుగా లోపలికి దిగిపోదు, అందుకే రెండు ఖండాలూ నొక్కుకుంటూ, మడతలు పడుతూ, ఒకదాని మీదికొకటి ఎక్కుతూ పోతాయి. మామూలుగా 35–40 కిలోమీటర్లుండే భూపటలం అలా బాగా మందమెక్కుతుంది. ఇవాళ టిబెట్ కింద అది 70 కిలోమీటర్ల దాకా ఉంది. అందరూ శిఖరాల గురించే మాట్లాడతారు గానీ అసలు బరువంతా కిందికి దిగిన భాగంలోనే ఉంటుంది. దాన్నే కొండ వేరు అందాం. వానలూ నదులూ పైభాగాన్ని కోసుకుపోయేకొద్దీ, సరుకు దించిన పడవలా ఆ వేరు పైకి తేలుతుంది. కైలాసగిరి మీద మన కాళ్ల కింద ఉన్నది అదే.

ఇప్పుడు రాయి. కొండ రోడ్ల పక్కన తుప్పు రంగులో, కాస్త పొడిపొడిగా కనిపించేది ఖొండలైట్. కొండను కొట్టొద్దు, కింద రాలిన ముక్క చాలు. కొత్తగా విరిగిన ముఖం వెతికి, 10 రెట్ల హ్యాండ్ లెన్స్‌తో చూడండి. ఎర్రటి గుండ్రని గింజలు గార్నెట్. ఒకే దిక్కుకు పడుకున్న సన్నని తెల్ల సూదులు సిల్లిమనైట్. గార్నెట్ ఒక్కటే కనబడితే తొందరపడకండి, తక్కువ వేడిలోనూ అది పెరుగుతుంది. రెండూ కలిసి ఉండి, పక్కన ఫెల్డ్‌స్పార్ (లేత రంగులో, చదునైన ముఖాలతో విరిగే ఖనిజం) కనిపిస్తూ, మెరిసే తెల్ల అభ్రకం లేకపోతే మాత్రం అసలు సంగతి దొరికినట్టే: ఒకప్పటి బంకమట్టి ఎంతగా ఉడికిందంటే అభ్రకంలోని నీరు కూడా పోయింది. తూర్పు కనుమల్లో కొన్ని చోట్ల ఆ వేడి 900 డిగ్రీలు దాటింది, లోతు సుమారు 25–30 కిలోమీటర్లు.

ఒక జాగ్రత్త: ఇప్పటి కొండల ఎత్తు ఆ గుద్దు మిగిల్చినది కాదు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత్, అంటార్కిటికా విడిపోయాకే ఈ తీరం ఏర్పడింది. వీటి తోడబుట్టిన రాళ్లు ఇప్పటికీ అక్కడ మంచు పక్కన ఉన్నాయి.

అభ్యాసం: మూడు చోట్ల రాతి చారలు సాగే దిక్కును ఫోన్ కంపాస్‌తో కొలిచి రాసుకోండి. మొత్తం మీద తూర్పు కనుమల్లో అవి ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి, అంటే నొక్కుడు దానికి అడ్డంగా వచ్చింది. మీ చోట తేడా వస్తే దిద్దకుండా అలాగే ఉంచండి, మడతల మలుపుల దగ్గర దిక్కు మారుతుంది, 4వ పాఠానికి ఆ కొలతలే కావాలి.