చేప ఒళ్లు రుద్దుకుంటోందా? పరాన్నజీవుల్ని ముందే పట్టుకోండి

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో జబ్బు సంగతి ముందు మేత సంచి చెబుతుంది. రంధ్రాల సంచుల్లో తవుడు నింపి వెదురు కర్రలకు కడతాం కదా, రోజూ ఖాళీ అయ్యే సంచి బరువుగా పైకి వస్తుంది. మబ్బు పట్టినప్పుడు మేత తగ్గడం మామూలే. ఎండ కాసినా మర్నాడు కూడా సంచి మిగిలితే విసురు వల తీయండి, మందుల షాపు సంగతి తర్వాత. నాలుగైదు చేపల్ని బతికుండగానే పట్టి చూడాలి. చచ్చి తేలినది పనికిరాదు, ప్రాణం పోగానే చాలా పరాన్నజీవులు చేపను వదిలేస్తాయి.

ఎగిరి పడటం, కర్రలకు ఒళ్లు రుద్దుకోవడం

శీలావతి (రోహు) చేపలో ఇది ఎక్కువగా ఆర్గులస్ పని, అంటే చేప పేను. రెక్కల మొదళ్లలో, పొట్ట కింద పెసరబద్దలా పల్చగా అతుక్కుని ఉంటుంది. మైక్రోస్కోప్ అక్కర్లేదు. చేపను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే పేను కదలడం కనిపిస్తుంది. అది కుట్టిన చోట ఎర్రమచ్చ పడి, పొలుసు ఊడి, ఆ పుండులోకి బాక్టీరియా చేరుతుంది. చాలామంది ఈ పుండు చూసి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. దాంతో పేను చావదు.

పేను గుడ్లు చేప మీద పెట్టదు. కర్రలు, రాళ్లు, గట్టు పక్క చెక్కల వంటి గట్టి వస్తువులకు వరసలుగా అంటిస్తుంది. మేత సంచి కట్టిన వెదురు కర్రకు చేపలు రోజూ వస్తాయి కాబట్టి దానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. వారానికోసారి కర్రలు పీకి ఎండలో ఆరబెట్టండి, ఎండితే గుడ్లు చస్తాయి. పేను పట్టిన చెరువులో విడిగా కొన్ని చెక్కలు దింపి, గుడ్లు పెట్టాక తీసి ఎండబెట్టడం కూడా మంచి ఉపాయమే. డబ్బు ఖర్చు లేని పని కాబట్టేమో, దీన్నెవరూ పట్టించుకోరు.

మందు తప్పదనుకుంటే ఒక్క మోతాదుతో అయిపోదు. గుడ్డు మీద మందు పనిచేయదు, పిల్ల బయటకు రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అందుకే రెండోసారీ వాడాలి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ జాతి మందులు రొయ్యకు విషం. పక్కన వనామీ రొయ్యల చెరువు ఉంటే మందు వేసిన నీరు కాలువలోకి వదలొద్దు. బొచ్చె (కట్ల) చేపకు ఆహారమైన సూక్ష్మ జంతువులూ వీటితో చస్తాయి.

మోతాదును ఎకరాల్లో లెక్కేయడం పెద్ద పొరపాటు. ఎకరాలో మీటరు లోతు నీరుంటే సుమారు 4,000 ఘనపు మీటర్లు, 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) అంటే 4 కిలోలు. రెండు మీటర్లుంటే 8 కిలోలు. ముందు లోతు కొలవండి, మందు పేరు, మోతాదు మత్స్యశాఖ అధికారినో ల్యాబ్‌నో అడగండి.

తెల్లారి నీటి పైన నోరు తెరవడం

ఆక్సిజన్ తగ్గినా, మొప్పలో పురుగు పట్టినా చేప ఇలాగే చేస్తుంది. నీటికి గాలి అందించే ఏరేటర్ వేయండి. బాగా ఎండ ఎక్కాక కూడా చేపలు కిందికి దిగకపోతే అనుమానం మొప్ప మీదే. మొప్ప మూత ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాల్సిన మొప్ప పాలిపోయి, జిగురు పట్టి ఉంటే డాక్టిలోగైరస్ అనే మొప్ప పురుగు కావచ్చు. మొప్ప ముక్క కత్తిరించి గాజు పలక మీద ఓ చుక్క చెరువు నీటితో పెడితే, మైక్రోస్కోప్ కింద సాగుతూ ముడుచుకుంటూ కనబడుతుంది. దీనికీ గుడ్లుంటాయి, చికిత్స రెండుసార్లు చేయాలి. ఆక్సిజన్ తక్కువగా ఉన్న రోజున ఫార్మాలిన్ మందు వాడితే పురుగుకన్నా ముందు చేప పోతుంది.

మొప్పల్లో తెల్లటి గింజల్లాంటి బుడిపెలుంటే అది మిక్సోబోలస్ జాతి పరాన్నజీవి. దీనికి నమ్మదగ్గ మందు లేదు. వేసినవన్నీ డబ్బు దండగే. పంట అయ్యాక చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, తర్వాతి పంటలో చేపపిల్లను పల్చగా వదలాలి. ఆ చెరువు పిల్లను వేరే చెరువుకు తరలించొద్దు.

నర్సరీలో చేపపిల్లల ఒంటి మీద బూడిద రంగు జిగురు పొర కనిపిస్తే ట్రైకోడైనా అనే సూక్ష్మ పరాన్నజీవి కావచ్చు. అక్కడ కుళ్లు ఎక్కువైందన్నమాట. మేత తగ్గించి నీరు మార్చండి. ఏ పిల్లనైనా చెరువులో వదిలే ముందు పది లీటర్ల నీటిలో 300 గ్రాముల గళ్లుప్పు వేసి ఒకటి రెండు నిమిషాలు ముంచండి. చేప పక్కకు ఒరిగితే వెంటనే తీసేయండి.

అక్వేరియంలో తెల్ల చుక్కలు

చుక్కలు రాకముందే చేప రెక్కలు ముడుచుకుని, రాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది. నీరు మార్చిన కాసేపటికే అన్ని చేపలూ ఒకేసారి ఇలా చేస్తే క్లోరిన్‌ను అనుమానించండి. కొత్త చేపను తెచ్చిన కొన్ని రోజులకు ఒకటి రెండు చేపలతో మొదలైతే ఇక్, అంటే తెల్ల చుక్కల జబ్బు కావచ్చు. చుక్క లోపలున్న జీవికి మందు తగలదు. అది రాలి, అడుగున వందల పిల్లలుగా విడిపోతుంది, ఆ పిల్లలు నీటిలో ఈదేటప్పుడే మందుకు చస్తాయి. నీటి వేడి మెల్లగా 28 నుంచి 30 డిగ్రీలకు పెంచితే ఆ చక్రం తొందరగా తిరుగుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంప్ ఆపకూడదు. చుక్కలు పోయాక కూడా మరికొన్ని రోజులు చికిత్స కొనసాగించండి. కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచండి, ఆ తొట్టికి వల కూడా వేరేదే వాడండి.