ఒకవాంగోలో గుడారం వేసే ముందు

గుడారంలోంచి నీళ్లు కనిపించాలని అందరికీ ముచ్చటగా ఉంటుంది. బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాకు చిరుతపులుల సర్వే కోసం వచ్చేవాళ్లు మాత్రం ఆ ముచ్చట మానుకోవాలి. నీటిగుర్రాలు పగలు నీళ్లలో ఉండి, చీకటి పడగానే మేతకు గట్టెక్కుతాయి. మధ్యలో గడ్డి, రెండు వైపులా గాడులు ఉన్న బాట కనిపిస్తే జీపు తిరిగిందేమో అనుకుంటారు. అది వాటి దారి. అక్కడ గుడారం వేయవద్దు.

నీటి అంచుకు దూరంగా ఉండడానికి ఇంకో కారణం ఉంది. అంగోలా ఎత్తు ప్రాంతాల్లో కురిసిన వాన నెలల తరబడి ప్రయాణించి, ఇక్కడ చుక్క వాన లేని జూన్–ఆగస్టు చలికాలంలో వరదగా చేరుతుంది. అంచున ఒక పుల్ల గుచ్చి, మర్నాడు చూడండి.

డెల్టాలోని మోరెమి అభయారణ్యంలో విడిదులకు కంచె ఉండదు. నారింజలు అసలే తేవద్దు, ఏనుగులు వాసన పడతాయి. కడగని గిన్నె, బయట వదిలిన బూటు రెండూ దుమ్ములగొండికి ఒకటే. అన్నీ వాహనంలో పెట్టి తలుపు వేయండి. రాత్రి జిప్పు పూర్తిగా మూసి పడుకోండి. మూత్రానికి బయటికి వెళ్లకుండా మూత బిగువైన డబ్బా ఒకటి లోపలే ఉంచుకోండి, ఇందులో మొహమాటం అనవసరం. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి. కొండీలు సన్నగా, తోక లావుగా ఉన్న తేలు ఎక్కువ ప్రమాదకరం.

ఇక ముందు ఏదైనా కదిలితే వాటంతట అవే ఫొటో తీసే కెమెరాల పని. ఇద్దరు దిగితే ఒకరు కడతారు, రెండోవారు చుట్టూ చూడడం తప్ప ఏమీ చేయకూడదు. ఈ విషయంలో నేను ఎవరినీ వదలను. ఏ చిరుత ఏదో మచ్చలను బట్టే గుర్తుపడతాం. కుడిపక్క మచ్చలు ఎడమపక్క మచ్చల్లా ఉండవు, కాబట్టి బాటకు అటొకటి, ఇటొకటి రెండు కెమెరాలు కావాలి. మోకాలెత్తున కట్టి, ఒకదాని ఫ్లాష్ రెండోదాని కంట్లో పడకుండా కాస్త పక్కకు జరపండి. తూర్పు, పడమరలకు తిప్పితే ఎండ ఫొటోను తినేస్తుంది. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగే గడ్డే కార్డంతా నింపుతుంది. కదిలే ముందు స్థలం పేరు, తేదీ రాసిన పలకను రెండింటికీ చూపించి, గడియారాలు సరిపోల్చండి. సమయం తేడా వస్తే ఆ రెండు పక్కలూ ఒకే చిరుతవని చెప్పడం కష్టం.